పాట ముఖచిత్రము: నాడు – నేడు

పుస్తకమునకు ముఖచిత్రము ఉండుట అందరమూ ఎరిగినదే. పాటలకు కూడా చేతబట్టి చూచుకొనదగిన ముఖచిత్రము ఒకప్పుడు ఉండేది. అది మన వినికిడిని ఎట్లు తీర్చిదిద్దినదో క్లుప్తముగా మనవి చేయుచున్నాను.

నిమిషమునకు 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులో ప్రక్కకు మూడు, నాలుగు నిమిషముల సంగీతము మాత్రమే పట్టేది. పెద్ద సంగీత రచన వినవలెనన్న అనేక రికార్డులు కావలెను. వాటిని ఫోటోల ఆల్బమ్ వలె అట్టల మధ్య చేర్చి అమ్మేవారు. పాటల సంపుటికి ‘ఆల్బమ్’ అను పేరు అట్లు వచ్చినది. ఆ అట్టలు చాలవరకు సాదా అట్టలే. 1940 ప్రాంతమున అమెరికాలో కొలంబియా కంపెనీ చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్ వాటిపై రంగుల బొమ్మలు వేయుట ఆరంభించెను. ఇతర కంపెనీలును ఆ మార్గమునే అనుసరించినవి.

1948లో అదే కంపెనీ 12 అంగుళముల ఎల్.పి. రికార్డును తెచ్చినది. ప్రక్కకు 20 నిమిషములకు పైగా సంగీతము పట్టినది. అట్ట ముందువైపు బొమ్మ. వెనుకవైపు పాటల పట్టిక, రచయితల పేర్లు, తరచుగా వాద్యకారుల పేర్లు, కొంత వివరణ. 1967లో బీటిల్స్ బృందము వారి ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌కు పీటర్ బ్లేక్, జ్యాన్ హావర్త్ దంపతులు ముఖచిత్రము రూపొందించిరి. వెనుక అట్టపై పాటల సాహిత్యము అచ్చయినది. ముల్లు పెట్టి అట్ట చేతబట్టుకొని కూర్చుంటే, చెవి వినుచుండగా కన్ను చదివేది. ఒక ప్రక్క ముగియగానే లేచి రికార్డు త్రిప్పవలసినదే. ఆ చిన్న శ్రమయే శ్రద్ధను నిలిపినది.

1982లో 12 సెంటీమీటర్ల కాంపాక్ట్ డిస్క్ వచ్చెను. బొమ్మ వైశాల్యము దాదాపు ఏడవ వంతుకు తగ్గెను. 2003లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ దుకాణము తెరచి, విడిపాటలను 99 సెంట్లకు అమ్మగా, మొదటి వారములోనే పది లక్షల పాటలకు పైగా అమ్ముడుపోయినవి. సంపుటి విడిపోయెను. 2008లో స్వీడన్‌లో ఆరంభమైన స్పాటిఫై 2019లో మన దేశమునకు వచ్చినది. నేడు ముఖచిత్రము ఫోను తెరమీద తపాలా బిళ్ళంత కనబడుచున్నది.

ఇందు మేలు లేకపోలేదు. రికార్డు ప్లేయరు కొనలేని వానికి కూడా నేడు వేల పాటలు అందుబాటులో ఉన్నవి. పోయినది బొమ్మ ఒక్కటే కాదు. పాట వెనుక శ్రమించినవారి పేర్లు కూడా కనుమరుగైనవి. 2018లో స్పాటిఫై రచయితల పేర్లు చూపు ఏర్పాటు చేసినది గాని, వెదకినవారికే అవి కనబడును. అయినను చేతితో పట్టుకొను కోరిక చావలేదు. 2022లో అమెరికాలో కాంపాక్ట్ డిస్కులు 3.3 కోట్లు అమ్ముడుపోగా, వినైల్ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడుపోయినవి. 1987 తరువాత రికార్డులదే పైచేయి అగుట అదే మొదటిసారి.

పాత యంత్రములు మరల కొనుడని నా మనవి కాదు. ఇంటిలో పాట పెట్టినప్పుడు, వ్రాసినదెవరో, స్వరపరచినదెవరో, పాడినదెవరో వెదకి పిల్లలకు చెప్పుదము. పాటను సగములో మార్చక చివరివరకు విందము. అట్ట చేసిన పని ఇకమీదట మనమే చేయవలసియున్నది.