ఉద్యమంలో సొంతవాళ్ల మీదే దాడి: ఉస్మానియా నుంచి ఫోన్ గ్రూపుల దాకా

తార్నాకను ఆనుకుని ఉన్న ఉస్మానియా క్యాంపస్ 1969లో, మళ్లీ 2009లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి కేంద్రం. ఉద్యమంలో ఉన్నవాళ్లు తమలో తాము పోట్లాడుకుంటే ఏమవుతుందో చూడాలన్నా ఇక్కడే ఒక ఉదాహరణ ఉంది.

2009 నవంబర్ 29న నిరాహార దీక్షకు బయలుదేరిన కేసీఆర్‌ను పోలీసులు అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్లారు. మర్నాడే దీక్ష విరమించారని వార్త వచ్చింది. క్యాంపస్ భగ్గుమంది, విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మలే తగలబెట్టారు. దీక్ష సాగుతుందని ఆయన మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం చెప్పారు. విద్యార్థుల కోపం చిన్నదేం కాదు. కానీ అది ఒక నిర్ణయం మీద, అందరి ముందూ చూపించిన కోపం. ఏం చేస్తే చల్లారుతుందో కూడా అందరికీ తెలుసు.

ఫోన్ గ్రూపుల్లో అలా ఉండదు. మొదటి రోజు ధర్నా తేదీ మీద వాదన. రెండో రోజుకి "అమ్ముడుపోయాడు" అన్న మాట. ఆ తర్వాత ముందూ వెనకా కోసేసిన స్క్రీన్‌షాట్లు, ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు. మన ఇళ్లలో తోహ్మత్ అనేది ఇదే. ఎవరు అన్నారో తెలియనప్పుడు జవాబు ఎవరికి చెప్పాలి? పని చేసేవాళ్లు మెల్లగా గ్రూపు వదిలేస్తారు, ఖాళీగా ఉన్నవాళ్లు మిగులుతారు.

అమెరికాలో 1968-69లో బ్లాక్ పాంథర్ పార్టీకి, ఇంకో నల్లజాతి సంస్థకి మధ్య చిచ్చు పెట్టడానికి ఎఫ్‌బీఐ దొంగ ఉత్తరాలు, వెక్కిరింపు కార్టూన్లు పంచింది. 1969 జనవరి 17న లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ క్యాంపస్‌లో ఆ రెండు సంస్థల గొడవలో ఇద్దరు పాంథర్లు కాల్పుల్లో చనిపోయారు. సెనేట్ కమిటీ 1976లో ఈ బాగోతమంతా నివేదికలో పెట్టింది. అప్పట్లో దీనికి ప్రభుత్వం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంది. ఇప్పుడు మనవాళ్లే ఫ్రీగా చేసిపెడుతున్నారు.

ఎక్కువ నష్టపోయేది ఆడపిల్లలు. 2022 జనవరి 1న బయటపడ్డ బుల్లీ బాయి యాప్‌లో వందమందికి పైగా ముస్లిం మహిళల ఫొటోలను "వేలానికి" పెట్టారు. అందులో హైదరాబాద్‌కు చెందిన అరవై దాటిన కార్యకర్త కూడా ఉన్నారు. అది బయటివాళ్లు చేసిన దాడి. కానీ లోపలి గొడవలో మనవాళ్లు బయటపెట్టిన ఫొటోలు, నంబర్లు అలాంటివాళ్ల చేతికే చేరతాయి. ఆ తర్వాత ఏ అమ్మీ కూతుర్ని మీటింగుకి పంపుతుంది?

అలాగని "ఐక్యత" పేరు చెప్పి ఫిర్యాదు నొక్కేయడం ఇంకా పెద్ద తప్పు. 2017 అక్టోబర్‌లో ప్రొఫెసర్లపై లైంగిక వేధింపుల ఆరోపణలతో ఫేస్‌బుక్‌లో ఒక జాబితా వచ్చినప్పుడు మహిళా ఉద్యమమే రెండుగా చీలింది. పేర్లు పెడితే విచారణ ఉండాలి కదా అని కొందరు, కమిటీలు పని చేస్తే జాబితా ఎందుకు అని మరికొందరు. రెండో ప్రశ్నను కొట్టిపారేయలేం. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి.

చట్టం విషయానికొస్తే, చాలామంది ఇంకా అడిగే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. మహిళను ఆన్‌లైన్‌లో వెంటాడితే భారతీయ న్యాయ సంహిత 78, పేరు దాచి బెదిరిస్తే 351(4), అసభ్య చిత్రాలు పెడితే ఐటీ చట్టం 67 వర్తిస్తాయి. మెసేజ్ డిలీట్ చేయకముందే తేదీ, నంబర్, లింక్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి షీ టీమ్స్‌కి గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ ఇవ్వొచ్చు.