దంతాలను తెల్లబరచుట

దంతాలను తెల్లబరచుట అనగా పళ్ళపై పేరుకొన్న మరకలను తొలగించడం గాని, పంటి లోపలి రంగును రసాయనాల సహాయంతో తేలికపరచడం గాని. ఈ రెండూ వేర్వేరు ప్రక్రియలు. మొదటిది శుభ్రపరచడం, రెండవది విరంజనం. పళ్ళ రంగు మారడానికి కారణాలు అనేకం కనుక, కారణాన్ని బట్టి చికిత్స కూడా మారుతుంది. తెలంగాణ రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో చాయ్, పొగాకు మరకలతోపాటు, భూగర్భ జలాలలోని ఫ్లోరైడ్ వలన ఏర్పడే గోధుమరంగు మచ్చలు కూడా కనిపిస్తాయి. ఈ మచ్చలు పళ్ళు తోముకోకపోవడం వలన వచ్చినవి కావు. ఎంత తోమినా పోవు.

పంటి సహజమైన రంగు

పంటిపై కనిపించే గట్టి పొరను ఎనామెల్ లేదా పింగాణీ పొర అంటారు. మానవ శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. ఇది కొంతవరకు పారదర్శకంగా ఉంటుంది. దీని క్రింద ఉండే డెంటిన్ పొర లేత పసుపు రంగులో ఉంటుంది. ఆ రంగు పై పొరలోనుండి కనిపించడం వలన ఆరోగ్యవంతమైన పళ్ళు కూడా కొద్దిగా పసుపుగానే ఉంటాయి. వయసు పెరిగేకొలది ఎనామెల్ అరిగి పలుచబడుతుంది, డెంటిన్ మందమవుతుంది. అందువలన పెద్దవారి పళ్ళు మరింత పసుపుగా కనిపిస్తాయి. ఇది వ్యాధి కాదు.

ఎనామెల్ ఏర్పడిన తరువాత దానిని తయారుచేసిన కణాలు మిగలవు. కాబట్టి అరిగిపోయిన ఎనామెల్ తిరిగి పెరగదు. పళ్ళను తెల్లబరచే ఏ పద్ధతినైనా ఈ ఒక్క విషయాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించవలసి ఉంటుంది.

రంగు మారడానికి కారణాలు

పళ్ళ మరకలను రెండు రకాలుగా విభజించవచ్చును.

బాహ్య మరకలు: ఇవి పంటి ఉపరితలంపై ఏర్పడతాయి. చాయ్, కాఫీ, బీడీ, సిగరెట్, చుట్ట, తంబాకు, గుట్కా, ఆకు-వక్కలలోని కాచు ఇందుకు ముఖ్య కారణాలు. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన పుక్కిలింత మందును చాలా రోజులు వాడినా, ఐరన్ టానిక్కులు త్రాగినా పళ్ళపై మరకలు పడవచ్చును. పాచి గట్టిపడి గారగా మారినప్పుడు ఈ మరకలు దానికి అంటుకొని నిలిచిపోతాయి.

అంతర మరకలు: ఇవి పంటి నిర్మాణంలోనే ఉంటాయి. ఫ్లోరోసిస్, పళ్ళు రూపొందే వయసులో వాడిన టెట్రాసైక్లిన్ మందులు, దెబ్బ తగిలి పంటి లోపలి నాడి చనిపోవడం, పుచ్చు మొదలైనవి కారణాలు. ఒక్క పన్ను మాత్రమే నల్లబడితే పాత దెబ్బనో, పుచ్చునో అనుమానించాలి. నోటికి రెండు ప్రక్కలా ఒకే విధంగా అడ్డచారలు, మచ్చలు ఉంటే ఫ్లోరోసిస్ అయ్యే అవకాశం ఉంది.

ఫ్లోరోసిస్ - పాలమూరు ప్రాంతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఈ ప్రాంతానికి కృష్ణానది దగ్గరే ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమ గల గద్వాల ప్రాంతానికి నడిగడ్డ అనే పేరే ఉంది. అయినప్పటికీ చాలాకాలం పాటు అనేక గ్రామాలకు బావి, బోరు నీరే ఆధారం. ఇక్కడి నేల క్రింద విస్తారంగా ఉన్న గ్రానైట్ జాతి శిలలలో ఫ్లోరైడ్ గల ఖనిజాలు ఉంటాయి. వర్షపాతం తక్కువగా ఉన్నచోట నీరు ఆ రాళ్ళ మధ్య చాలాకాలం నిలిచి, ఫ్లోరైడ్‌ను తనలో కరిగించుకొంటుంది. నీటి రంగులో, వాసనలో తేడా కనిపించదు కనుక పరీక్షలో మాత్రమే ఇది తెలుస్తుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి కూడా 1.5 మిల్లీగ్రాములే.

అమెరికాలోని కొలరాడోలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో స్థానికుల పళ్ళపై గోధుమరంగు మచ్చలను గమనించి పరిశోధన మొదలుపెట్టాడు. వాటికి కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. తెలుగునాట నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నట్లు 1937లో వైద్యులు ప్రకటించారు. తెలంగాణలో నల్గొండ జిల్లా ఈ వ్యాధి వలన దేశమంతటా తెలిసింది. పటిక, సున్నం ఉపయోగించి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది.

పళ్ళు చిగురులో రూపొందే వయసులో, అనగా పుట్టినప్పటి నుండి సుమారు 8 సంవత్సరాల వరకు, ఎక్కువ ఫ్లోరైడ్ గల నీరు త్రాగిన పిల్లలకు మాత్రమే పళ్ళ మచ్చలు వస్తాయి. స్వల్పంగా ఉంటే సుద్దలాంటి తెల్లని గీతలు కనిపిస్తాయి. తీవ్రంగా ఉంటే ఎనామెల్‌లో సూక్ష్మరంధ్రాలు ఏర్పడి, పన్ను మొలిచిన తరువాత వాటిలోనికి రంగులు ఇంకి గోధుమరంగు మచ్చలవుతాయి. పళ్ళు పూర్తిగా ఏర్పడిన తరువాత అదే నీరు త్రాగినా పళ్ళకు ఈ మచ్చలు రావు గాని, ఎముకలకు హాని కలుగుతుంది.

మిషన్ భగీరథ పథకాన్ని 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో ప్రారంభించారు. నదీజలాలను శుద్ధిచేసి ఇంటింటికి అందించడం దీని ఉద్దేశం. నది నీరు త్రాగి పెరిగే పిల్లలకు ఈ మచ్చల ముప్పు తగ్గుతుంది. అయితే బోరు నీటితో పెరిగిన తరం వారి పళ్ళపై మచ్చలు నీరు మారినంత మాత్రాన పోవు. వారికే చికిత్స అవసరమవుతుంది.

ఇంటివద్ద పాటించే పద్ధతులు

వేప, కానుగ పుల్లలు: పుల్ల చివరను నమిలి కుంచెగా చేసి తోముకోవడం పూర్వాచారం. ఇవి మెత్తని పాచిని తొలగిస్తాయి. లోపలి రంగును మార్చలేవు. గట్టిగా రుద్దితే చిగుళ్ళు క్రిందికి జారుతాయి.

బొగ్గు, కచ్చిక బూడిద, ఇటుక పొడి, ఉప్పు: ఇవి గరుకు పదార్థాలు. పైమరక పోయి పన్ను తెల్లబడినట్లు కనిపించినా, దానితోపాటు ఎనామెల్ కూడా అరుగుతుంది. ఎనామెల్ అరిగితే లోపలి డెంటిన్ బయటపడి పన్ను మరింత పసుపుగా మారుతుంది, చల్లని నీరు త్రాగితే జివ్వుమంటుంది. బొగ్గు కలిసిన పేస్టులు కూడా అంగళ్ళలో లభిస్తున్నాయి. వీటి ప్రయోజనాన్ని, భద్రతను నిరూపించే ఆధారాలు చాలవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష పేర్కొంది.

నిమ్మరసం, చింతపండు: పుల్లని పదార్థాలు ఎనామెల్‌ను కరిగిస్తాయి. పీహెచ్ విలువ సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ విలువ 2 నుండి 2.5 వరకు ఉంటుంది. నిమ్మరసం పూసి వెంటనే బ్రష్‌తో రుద్దడం మరింత హానికరం.

తెల్లబరచే టూత్‌పేస్టులు: వీటిలోని మృదువైన గరుకు పదార్థాలు బాహ్య మరకలను తగ్గిస్తాయి. ఫ్లోరోసిస్ మచ్చలపై వీటి ప్రభావం ఉండదు. పొగాకు కలిసిన పళ్ళపొడి, పేస్టుల తయారీని, అమ్మకాన్ని భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది.

పెరాక్సైడ్ పట్టీలు, తొడుగులు: పట్టీలలో తక్కువ గాఢత గల పెరాక్సైడ్ ఉంటుంది. తొడుగు పద్ధతిలో దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీసి, వాటికి సరిపోయే పలుచని తొడుగు చేయిస్తాడు. అందులో సాధారణంగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకొని రాత్రివేళ ధరించాలి. ఇది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు సమానం. ఈ పద్ధతిని 1989లో హేవుడ్, హేమన్ అనే దంతవైద్యులు వివరించారు. ఫలితానికి రెండు నుండి నాలుగు వారాలు పట్టవచ్చును. ఇంటివద్ద చేసే పద్ధతులలో ఎక్కువ పరిశోధన జరిగినది ఇదే.

దంతవైద్యుని వద్ద చికిత్సలు

స్కేలింగ్: గారను, పైమరకలను యంత్రంతో తొలగించడం. స్కేలింగ్ వలన పళ్ళు వదులవుతాయనే అపోహ ప్రజలలో ఉంది. పళ్ళను వదులు చేసేది గార వలన వచ్చే చిగుళ్ళ వ్యాధే. గార తొలగిన తరువాత అప్పటికే వదులైన సంగతి బయటపడుతుంది. చాయ్, పొగాకు మరకలు గల చాలామందికి ఈ చికిత్స ఒక్కటే సరిపోతుంది.

విరంజనం: చిగుళ్ళకు రక్షణ పూత వేసి, సుమారు 25 నుండి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పళ్ళకు పూస్తారు. ఇది ఎనామెల్ గుండా లోనికి పోయి రంగునిచ్చే అణువులను విడగొడుతుంది. కొందరు కాంతిని లేదా లేజర్‌ను కూడా వాడతారు గాని, దాని వలన దీర్ఘకాలంలో అదనపు లాభం స్పష్టంగా రుజువు కాలేదు. ఫలితం శాశ్వతం కాదు. పొగాకు, చాయ్ అలవాట్లను బట్టి రంగు మెల్లగా తిరిగి వస్తుంది.

సూక్ష్మ అపఘర్షణ: ఆమ్లం, సన్నని గరుకు పొడి కలిసిన లేపనంతో ఎనామెల్ పైపొరను అతి పలుచగా తొలగిస్తారు. స్వల్ప, మధ్యస్థ ఫ్లోరోసిస్‌లోని గోధుమరంగు మచ్చలకు ఇది ఉపయోగపడుతుంది. తరువాత విరంజనం చేయడం కూడా ఉంది. ఇందులో ఆమ్లం వాడతారు కనుక ఇంట్లో ఎంతమాత్రం ప్రయత్నించరాదు.

రెజిన్ నింపడం: తెల్లని సుద్ద మచ్చల సూక్ష్మరంధ్రాలలోనికి పలుచని రెజిన్‌ను ఇంకిస్తారు.

వెనీర్లు, క్రౌన్లు: ఎనామెల్ గుంటలు పడిన తీవ్ర ఫ్లోరోసిస్‌లో పంటి రంగు కాంపోజిట్ పూత, పింగాణీ పలక లేదా పూర్తి తొడుగు అమరుస్తారు. వెనీర్లకు, క్రౌన్లకు సాధారణంగా కొంత పన్ను అరగదీయవలసి వస్తుంది. దానిని వెనుకకు తిప్పలేము.

నాడి చనిపోయిన ఒక్క పన్ను నల్లబడితే, రూట్ కెనాల్ చేసిన తరువాత పంటి లోపలనుండి విరంజనం చేస్తారు.

ఫ్లోరోసిస్ గలవారు విరంజనం మాత్రమే చేయించుకొంటే, మొదటి రోజులలో తెల్లమచ్చలు మరింత స్పష్టంగా కనిపించవచ్చును. ఈ సంగతి ముందే తెలియకపోతే డబ్బు వృథా అయిందనే భావన కలుగుతుంది. మహబూబ్‌నగర్‌లోని ఎస్.వి.ఎస్. దంతవైద్య కళాశాల, హైదరాబాదులోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఈ ప్రాంతం వారికి దగ్గరలోని దంతవైద్య విద్యాసంస్థలలో ఉన్నాయి.

జాగ్రత్తలు

* పుచ్చుపళ్ళు, చిగుళ్ళ వ్యాధి ఉంటే ముందుగా వాటికి చికిత్స చేయించాలి.
* విరంజనం తరువాత కొన్ని రోజులు పళ్ళు జివ్వుమనడం సహజం. పొటాషియం నైట్రేట్ గల పేస్టు ఉపశమనం ఇస్తుంది.
* సిమెంటు నింపిన పళ్ళు, క్రౌన్లు పెరాక్సైడ్‌తో తెల్లబడవు.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది. ఐరోపా సమాఖ్యలో 2012 నుండి 0.1 శాతం మించి 6 శాతం వరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ గల ఉత్పత్తులను దంతవైద్యుని ద్వారా మాత్రమే ఇవ్వాలి. 18 ఏళ్ళలోపు వారికి వాడరాదు.
* సంతలలో, బస్టాండ్ల వద్ద క్షణాలలో పళ్ళు తెల్లచేస్తామని ద్రావకం పూసేవారిని నమ్మరాదు. అది ఆమ్లమైతే ఎనామెల్ శాశ్వతంగా పోతుంది.
* పొగాకు నమిలేవారి నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని, రెండు వారాలకు మానని పుండు గాని ఉంటే పళ్ళ రంగు సంగతి పక్కనపెట్టి, క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి.

నివారణ

బాహ్య మరకలకు పొగాకు మానడం, రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోముకోవడం, చాయ్ త్రాగిన తరువాత నీటితో పుక్కిలించడం చాలు. ఫ్లోరోసిస్ మచ్చలకు నివారణ మంచినీరు మాత్రమే. బోరు నీరు త్రాగే ఇళ్ళలో నీటిని పరీక్ష చేయించి, చిన్నపిల్లలకు, వారి వంటకు నల్లా ద్వారా వచ్చే శుద్ధి చేసిన నదీజలం వాడాలి. నీటిని మరగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదానిలో దాని గాఢత పెరుగుతుంది. ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేస్తే తగ్గుతుంది. పళ్ళ మచ్చల కారణంగా నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డుపెట్టుకొనే పిల్లలను, పళ్ళు తోముకోలేదని గద్దించడం తగదు. ఆ మచ్చ వారు త్రాగిన నీటిది.

ఇవి కూడా చూడండి

* దంతం
* ఫ్లోరోసిస్
* చిగుళ్ళ వ్యాధి
* వేప
* మిషన్ భగీరథ