కృష్ణా డెల్టాలో తెల్లబియ్యం, బెరిబెరి: ఆహారచరిత్ర దృష్టితో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఆహారానికీ ఆరోగ్యానికీ గల సంబంధాన్ని చర్చించేటప్పుడు కరువును, ఆకలిని ముందుగా ప్రస్తావించడం పరిపాటి. తిండి చాలనిచోట జబ్బులు పెరగడం సహజమే. అయితే అన్నానికి కొరత లేని ప్రాంతంలోనే పోషకలోపం వల్ల మనుషులు మంచం పట్టిన చరిత్ర ఆంధ్రదేశానికి ఉంది. ఉత్తర సర్కారుల కోస్తాలో, ప్రధానంగా వరి పండే డెల్టా భూముల్లో ప్రబలిన బెరిబెరి వ్యాధి చరిత్ర అది. విజయవాడ, మచిలీపట్నాల నడుమ ఉన్న ఉయ్యూరు వంటి మాగాణి ప్రాంతాల ఆహారచరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ వ్యాధి ఒక ముఖ్యమైన ఆధారం. మరబియ్యం వల్లనే బెరిబెరి వచ్చిందన్న ప్రచారంలోని వాదన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కరువు నుండి కాలువ దాకా

నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, వచ్చిన కరువు గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలను అతలాకుతలం చేసింది. ‘డొక్కల కరువు’ అన్న పేరే ఆనాటి మనుషుల స్థితిని చెబుతుంది. ఆ అనుభవం తరువాత విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో కెప్టెన్ ఓర్ ఆ పనిని నిర్వహించాడు. కాలువ నీరు పారిన మేర జొన్న, చోడి వంటి మెట్టపైర్లు వెనుకబడి వరి విస్తరించింది. వరి అన్నం నిత్యభోజనం కావడం సంపన్నతకు గుర్తుగా నిలిచింది. కరువు భయం తగ్గింది. కాని కంచంలోని వైవిధ్యం కూడా తగ్గింది.

3. తవుడు చేరిన చోటు

వడ్లను రోట్లో పోసి రోకలితో దంచి, చేటతో చెరిగినప్పుడు ఊక పోతుంది; గింజను అంటిపెట్టుకొన్న తవుడు పొర కొంత మిగులుతుంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో వ్యాపించిన బియ్యపు మరలు ఆ పొరను దాదాపు పూర్తిగా తొలగించాయి. ఆ తరువాతి నష్టం వంటింట్లో జరిగింది. బియ్యాన్ని నాలుగైదుసార్లు కడిగి కడుగు పారబోయడం, అన్నం ఉడికాక గంజి వార్చడం వల్ల నీటిలో కరిగే పోషకాలు మరికొంత పోయాయి. మరలో తీసిన తవుడు, ఇంట్లోని కడుగు, గంజి చివరికి చేరింది గేదె కుడితి తొట్టికే. పాడి ఉన్న ఇంటికి అందులో కొంత పాలు, పెరుగుల రూపంలో తిరిగి వచ్చేది. పాడి, పప్పు లేని కూలి కుటుంబానికి ఆ దారి లేదు.

గంజిని వృథా చేయని తరవాణి, చద్దన్నం వంటి పద్ధతులు ఇదే సమాజంలో ఉన్నాయన్న సంగతి కూడా గమనార్హం. వీటిని రుచికో, పొదుపుకో సంబంధించిన విషయాలుగా మాత్రమే చూడడం వల్ల వాటి పోషకవిలువ మరుగున పడింది.

4. వ్యాధి, శాస్త్రం

బియ్యపు తవుడులో ఉండే థయమిన్ (విటమిన్ బి1) పిండిపదార్థాలను శరీరం శక్తిగా మార్చుకోవడానికి అవసరం. అందువల్ల అన్నం ఎక్కువగా తినేవారికి దాని అవసరమూ ఎక్కువే. శరీరంలో దాని నిల్వలు కొద్ది వారాలకు మించి రావు. లోపం ముదిరితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, శరీరం నీరు పడుతుంది, గుండె విఫలమవుతుంది.

1890లలో జావాలో ఐక్‌మన్ మరబియ్యం తిన్న కోళ్ళలో బెరిబెరిని పోలిన నరాల వ్యాధిని గుర్తించాడు. 1926లో యాన్సెన్, డోనథ్‌లు తవుడు నుండి థయమిన్‌ను స్ఫటికరూపంలో వేరుచేశారు. 1936లో దానిని కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ ఆర్. విలియమ్స్ 1886లో నెల్లూరులో జన్మించిన అమెరికన్ మిషనరీ దంపతుల కుమారుడు.

భారతదేశంలో ఈ పరిశోధనకు కేంద్రం నీలగిరుల్లోని కూనూరు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే గదిలో ‘బెరిబెరి ఎంక్వయిరీ’ని ప్రారంభించాడు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాలగా మారి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే దేశంలోని ప్రధాన పోషకాహార పరిశోధనాసంస్థ పుట్టుకకు కారణం ఈ వ్యాధే. మెక్‌కారిసన్ తరువాత ఆ పరిశోధనశాలను నిర్వహించిన ఐక్రాయిడ్, తన సహచరుడు కృష్ణన్‌తో కలిసి మద్రాసు రాష్ట్రంలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలను పరిశీలించాడు. తల్లి ఆహారంలోని థయమిన్ లోపం పాల ద్వారా పసిబిడ్డను ప్రమాదంలోకి నెడుతుంది. బాలింతకు పథ్యం పేరుతో పప్పు, కూరగాయలు తగ్గించి అన్నానికే పరిమితం చేసే ఆచారాన్ని ఈ కోణం నుండి తిరిగి చూడవలసి ఉంది.

5. మర ఒక్కటే కారణమా?

మరబియ్యమే మూలమన్న వాదనకు రెండు చారిత్రక అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది కాలానికి సంబంధించినది. జె.జి. మాల్కంసన్ 1835లోనే మద్రాసులో బెరిబెరిపై ఒక గ్రంథం ప్రచురించి, ఉత్తర సర్కారుల్లో ఈ వ్యాధి ఉనికిని చర్చించాడు. అప్పటికి ఆనకట్టా లేదు, మరలూ లేవు.

రెండవది ప్రాంతానికి సంబంధించినది. మరలు తమిళ, మలయాళ, వంగ ప్రాంతాల్లోనూ వ్యాపించినా బెరిబెరి సర్కారు కోస్తాలోనే అధికంగా కేంద్రీకృతమైంది. ఆయా ప్రాంతాల్లో ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టినప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజ లోపలికి చేరుతుంది. ఆపైన మరపట్టినా పూర్తిగా పోదు. సర్కారు జిల్లాల వారు వాడింది పచ్చి బియ్యం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాములకు థయమిన్ ముడిబియ్యంలో 0.27, మరపట్టిన ఉప్పుడు బియ్యంలో 0.17, మరపట్టిన పచ్చి బియ్యంలో 0.05 మిల్లీగ్రాములు.

కాబట్టి మర వ్యాధిని సృష్టించలేదు. పచ్చి బియ్యం వాడుక, గంజి వార్చే అలవాటు, వైవిధ్యం లేని భోజనం అనే మూడు కారణాలకు తోడై దానిని తీవ్రం చేసింది.

ఈ నిర్ధారణను వ్యాధి తగ్గిన తీరు కూడా బలపరుస్తుంది. గాంధీజీ 1934లో స్థాపించిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ప్రోత్సహించింది. ఆ ఉద్యమం ఆరోగ్యంతోపాటు దంపుళ్ళ మీద బతికే స్త్రీల జీవనోపాధినీ దృష్టిలో పెట్టుకొంది. అయినా మర వెనక్కి పోలేదు. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో మరలు ఇంకా పెరిగాయి. బెరిబెరి మాత్రం క్రమంగా కనుమరుగైంది. పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు మరింతమంది కంచాల్లోకి రావడం ఇందుకు ప్రధాన కారణంగా భావించవచ్చు.

6. ముగింపు

ఉయ్యూరులో 1941 నుండి కె.సి.పి. సంస్థ నడిపిన చక్కెర కర్మాగారం ఆ ఊరి ఆర్థికజీవనాన్ని మార్చింది. చెరకు రసం బెల్లంగా కాక తెల్లని చక్కెరగా మారడం కూడా వడ్లు తెల్లబియ్యంగా మారడం వంటి ప్రక్రియే. నేడు డెల్టా ఎదుర్కొంటున్న ప్రశ్న బెరిబెరి కాదు, మధుమేహం. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహ వ్యాప్తి 11.4 శాతమని తేల్చింది. వ్యాధులు వేరైనా, శుద్ధిచేసిన పిండిపదార్థాలకే భోజనంలో పెద్దపీట వేయడం రెండింటి చరిత్రలోనూ కనిపిస్తుంది. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బలవర్ధక బియ్యాన్ని ప్రభుత్వం చౌకదుకాణాల ద్వారా పంపిణీ చేసింది. ఒక్కొక్క లోపాన్ని పూరించడానికి అది ఉపకరించవచ్చు. అయితే కృష్ణా డెల్టా చరిత్ర చెప్పేది వేరు. ఇక్కడ బియ్యం తెల్లదనం తగ్గకుండానే వ్యాధి తగ్గింది. అన్నం పక్కన మరో నాలుగు పదార్థాలు చేరినందువల్లనే తగ్గింది. ఆ నాలుగూ నేటికీ ఎవరి కంచానికి అందడం లేదన్నది ఆహారచరిత్రకారులు, పోషకాహార శాస్త్రజ్ఞులు కలిసి పరిశీలించవలసిన ప్రశ్న.