పేగులో ఏముంది?

మా ఇంట్లో బోటీ కడగడం అమ్మీ పని. సన్నటి పుల్లతో పేగును, చొక్కా చేతిని తిరగేసినట్టు, లోపలిది బయటికి తిప్పేది. గళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్ది నాలుగు నీళ్లు కడిగేది. పక్కన కూచుని చూసి నేర్చుకున్నాను కనుకే, నలభై దాటాక ఇంట్లో సాసేజి చేయబూనినప్పుడు పెద్దగా కష్టపడలేదు. ఖీమాలో వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు, గుంటూరు కారం కలపాలి. గరాటు పెట్టి గొర్రె పేగులోకి కూరాలి. జానెడుకొకచోట మెలిపెట్టి సన్నసెగ మీద కాల్చాలి. ఉత్తర ఆఫ్రికా ముస్లింలు ఇట్లాంటిదాన్నే మెర్గెజ్ అంటారు. మా పిల్లలు ‘పేగు కబాబ్’ అంటారు.

సాసేజి అనగానే మనకు తెల్లవాళ్లు, పంది మాంసం గుర్తుకొస్తాయి. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. కానీ 13వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ముర్సియాకు చెందిన ఇబ్న్ రజీన్ అల్ తుజీబీ అరబ్బీలో రాసిన వంటల పుస్తకంలో ‘మిర్కాస్’ ఉంది, ‘లకానిక్’ ఉంది. రెండూ కూరిన పేగులే. లకానిక్ అనే మాట రోమన్ల ‘లుకానికా’ నుంచి వచ్చింది. దక్షిణ ఇటలీలోని లుకానియా పేరు మీద పుట్టిన మాట అది. అరబ్బులు మాటనూ వంటనూ కలిపే తీసుకున్నారు, మాంసం మాత్రం మార్చుకున్నారు.

పేగులో ఏముందన్న ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది ఆ తర్వాత. 1492 జనవరిలో గ్రనడా పడిపోయింది. ఆ ఏడే స్పెయిన్ పాలకులు యూదులకు రెండే దారులు చూపారు: మతం మారండి, లేదా దేశం వదలండి. 1502లో కాస్టీల్ ముస్లింలకూ అదే మాట. 1497లో పోర్చుగల్ తన యూదులను వెళ్లనివ్వకుండానే బలవంతంగా బాప్తిస్మం ఇచ్చింది. అందరూ క్రైస్తవులయ్యారు. ఇక గొడవ తీరాలి కదా? తీరలేదు. మారినవాడు లోపల ఎవడు అన్న అనుమానం పట్టుకుంది. గుండె కోసి చూడలేరు, అందుకని కుండ మూత తీసి చూశారు. మత విచారణ చేసే ఇంక్విజిషన్ కోర్టుల్లో పంది తినకపోవడం నేరానికి ఆనవాలు. పందికొవ్వుకు బదులు ఆలివ్ నూనెతో వండడం ఆనవాలు. శుక్రవారం సాయంత్రం దుప్పట్లు మార్చడం, వైన్ ముట్టకపోవడం, నలుగురూ కూచుని కుస్‌కుస్ తినడం కూడా ఆనవాళ్లే. సాక్షులు ఎవరనుకున్నారు? పనిమనిషి, పక్కింటివాళ్లు. ఇంత చేసినా నమ్మకం కుదరలేదు. 1609 నుంచి 1614 దాకా సుమారు 3 లక్షల మంది మొరిస్కోలను, అంటే ముస్లిం మూలాలున్న క్రైస్తవులను, స్పెయిన్ నుంచి వెళ్లగొట్టారు.

పోర్చుగల్ ఉత్తరాన కొండల మధ్య మిరాందేలా అనే చిన్న ఊరుంది. అక్కడి సాసేజి పేరు అల్యేరా. వాళ్ల భాషలో వెల్లుల్లిని ‘అల్యు’ అంటారు, అందులోంచి వచ్చిన పేరు. ఆ ఊరివాళ్లు చెప్పే కథ ఇది. చలికాలం వస్తే ప్రతి ఇంట్లో పొయ్యి మీద పొగ తగిలేట్టు పంది సాసేజిలు వేలాడదీసేవారు. మారిన యూదుల ఇళ్లలో దండెం బోసిగా ఉండేది. చూసినవాళ్లు పట్టిస్తారన్న భయంతో వాళ్లు కోడి, వేట మాంసం, రొట్టె, వెల్లుల్లి కలిపి పేగులో కూరి వేలాడదీశారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

చాలామంది చరిత్రకారులు దీన్ని ఐతిహ్యంగానే చూస్తారు. ఎండిపోయిన రొట్టెను పారేయలేని పేదల తెలివి అది అని నాకూ అనిపిస్తుంది. అయితే కథ కల్పన కావచ్చు గాని, భయం కల్పన కాదు. అది విచారణ రికార్డుల్లోనే ఉంది.

ఒక సదస్సు పని మీద లిస్బన్ వెళ్లినప్పుడు, పనిగట్టుకుని మిరాందేలా కూడా వెళ్లాను. అంగడి నిండా గుర్రపు లాడాల్లా వంచిన అల్యేరాలు. పంది లేని సాసేజి, మన సోదరులు ప్రాణం కాచుకున్న సాసేజి అని ఆశగా అడిగాను. అంగడామె నవ్వి, కోడీ ఉంది, పందీ ఉంది అని చెప్పింది. 2011లో పోర్చుగల్ ఏడు వంటల అద్భుతాల్లో ఒకటిగా ఎన్నికైన వంట అది. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆ విచారణ ఓడలెక్కి మన దేశానికీ వచ్చింది. గోవాలో 1560లో మొదలై, మధ్యలో కొన్నాళ్లు ఆగినా, 1812 దాకా నడిచింది. మన ఔషధ మొక్కల మీద 1563లో గోవాలోనే పుస్తకం అచ్చేసిన వైద్యుడు గార్సియా ద ఓర్తా, మారిన యూదుల బిడ్డ. ఆయన 1568లో చనిపోయాడు. మరుసటేడు చెల్లెలు కాతరీనాను సజీవంగా కాల్చారు. 1580లో ఆయన ఎముకలు తవ్వి తీసి వాటినీ కాల్చారు. 1736 నాటి ప్రకటనలో హిందువుల్లా ఉప్పు వేయకుండా అన్నం వండడం కూడా మారినవాళ్లకు నిషేధం. అంటే ఆ కన్ను ఒక్క మతం కుండనే చూడలేదు.

అదే ఓడలు అమెరికా నుంచి మిరపకాయనూ మోసుకొచ్చాయి. మిరప, కల్లు వెనిగర్ పట్టించిన గోవా పంది సాసేజి చౌరీసు బజార్లో జపమాలల్లా వేలాడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ముక్కు మూసుకున్నాను. పక్కనున్న గోవా క్రైస్తవ మిత్రుడు చూశాడు, ఏమీ అనలేదు. మా వాడలో పంది తినే దళితుల గురించి మా పెద్దలు మాట్లాడిన మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. దూదేకుల వాళ్లను ‘సగం ముసల్మాన్లు’ అని వెక్కిరించిన మన ఇళ్లూ గుర్తొచ్చాయి. తరాజు ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉందనుకోవడం మనకు సుఖం.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ పండగ చేస్తే ఘర్షణ జరిగింది, పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. 2015 సెప్టెంబరు 28 రాత్రి దాద్రీ దగ్గర బిసాహడాలో, ఆవు మాంసం తిన్నాడన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి ఈడ్చి చంపారు. మాంసాన్ని పరీక్షకు పంపారు. అది మేకదా, ఆవుదా అని నెలల తరబడి చర్చ నడిచింది. మేకదైతే ఒక న్యాయం, కాకపోతే ఇంకో న్యాయమా? ఆ వార్తలు రాస్తున్నప్పుడు నా బల్ల మీద కూడా అదే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నే తప్పని మా పేజీలో రాయలేకపోయాను.

ఇల్లు అద్దెకు వెతికినన్నాళ్లూ పేరు తర్వాత అడిగే ప్రశ్న ఒక్కటే: “మీరేం తింటారండీ?” ఇప్పుడున్న ఇంట్లో పదకొండేళ్లుగా ఉంటున్నాం. మొన్న మెర్గెజ్ కాలుస్తుంటే పైవాటా ఆవిడ మెట్ల మీంచి పలకరించింది.

“వాసన బాగుంది భాయ్‌సాబ్, ఏం చేస్తున్నారు?”

“ఖీమా అమ్మా” అన్నాను.

దేని ఖీమా అని ఆవిడ అడగలేదు. పొయ్యి మీదున్నది గొర్రెదే. అయినా లోపలికెళ్లి కిటికీ వేశాను.