బౌడెన్ తీగయు, డిస్కు బ్రేకును

రాయచోటి నుండి కడపకు సైకిలుపై వచ్చువాడు గువ్వలచెరువు కనుమ దిగవలెను. సగము వాలులో బ్రేకు మీట హాండిలును తాకి నిలిచినదనుకొందము. తీగ తెగలేదు, డిస్కు చెడలేదు. మరి లోపమెక్కడ?

కర్నూలు, కడప పల్లెలలో చిరకాలము తిరిగిన సైకిళ్లకు ఇనుప కడ్డీల బ్రేకులుండెడివి. మీటను నొక్కగనే కడ్డీలు రబ్బరు దిమ్మలను రిమ్ముకు అదిమెడివి. కడ్డీ సాగదు, కాని వంగదు. ప్రతి మలుపునకు ఒక కీలు కావలెను. 1896లో ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అను ఐర్లండు దేశీయుడు ఈ చిక్కును విడదీసి పేటెంటు పొందెను. (ర్యాలీ సైకిళ్ల అధిపతి సర్ ఫ్రాంక్ బౌడెన్ వేరొకరు. పేరు కలియుటచే కీర్తి తరచు ఆయనకే పోవుచుండును.)

తీగను చుట్టలుగా చుట్టి చేసిన గొట్టము, దానిలో జారెడు పేనిన సన్నని తీగ: ఆయన సాధనమింతే. లోతీగను లాగినపుడు గొట్టము అంతే బలముతో ఎదురు నిలుచును. కావున తీగ వదులైనచో దానిని కురుచ చేయనక్కరలేదు. గొట్టము కొననున్న బోలుమరను కొంత విప్పి గొట్టపు నిడివి పెంచిన చాలును. కొత్త తీగకు కొన్నాళ్లలో ఈ వదులు తప్పదు.

డిస్కు బ్రేకు కథ వేరు. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ మోటారు బండ్లకై దానికి పేటెంటు పొందెను. ఆయన రాగి ప్యాడ్లు చెవులు చిల్లులుపడునట్లు కీచుమనెడివి. 1953లో లెమాన్ పందెమున డిస్కులు గల జాగ్వార్ కారు గెలిచిన పిదప దాని ప్రతిష్ఠ పెరిగెను. సైకిలుకు వచ్చుట అటు తరువాతి మాట. కుందూ లోయ నల్లరేగడి బురద రిమ్మును పట్టినట్లు ఇరుసు చెంతనున్న డిస్కును పట్టదు.

అయితే పెద్ద చక్రపు రిమ్ము ఇరుసుకు సుమారు 31 సెంటీమీటర్ల దూరమున నున్నది. 160 మిల్లీమీటర్ల డిస్కుపై ప్యాడు పట్టు చోటు 7 సెంటీమీటర్ల చిల్లర దూరముననే. అదే నిరోధము కలుగుటకు డిస్కు చెంత నాలుగింతలకు పైగా బలము కావలెను. బలము పెరిగినకొలది కదలిక తగ్గునని విద్యార్థులెరుగుదురు. అందుచే ప్యాడునకు, డిస్కునకు నడుమ సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే యుండవలెను.

చిక్కంతయు ఇక్కడనే. ప్యాడు అరిగినపుడును పాత అలవాటున బోలుమరనే విప్పుదురు. అప్పుడు బ్రేకు వద్ద తీగ లాగెడు చేయి ముందే కొంత తిరిగి యుండును. దానికి మిగిలిన కదలిక స్వల్పము. ప్యాడును దగ్గరకు జరుపుటకు బ్రేకుకే వేరొక మర కలదు. పెక్కు రకములలో వెలుపలి ప్యాడు మాత్రమే కదలి డిస్కును లోపలి దానిపైకి నెట్టును గనుక, లోపలి ప్యాడును ఆ మరతో ముందుగా సరిచేయవలెను. బోలుమర తీగ వదులునకే.

కనుమలో నిలిచినవాని బోలుమర చివరి చుట్టు వరకు విప్పి యున్నది; ప్యాడ్లు రేకువలె పలుచబడినవి.