మోటుపల్లి అభయం తిమింగలాలకు ఏదీ?

1244లో ఓరుగల్లు నుంచి సముద్రానికి ఒక చట్టం వెళ్లింది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు చేరిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఇకమీద సుంకం తప్ప మరేదీ ముట్టబోమని మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు కాకతీయ గణపతిదేవుడు. ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల మీద దయతో, ధర్మం కోసం ఈ అభయమని చెప్పుకున్నాడు. సముద్రానికి ఇంత దూరాన ఉన్న రాజధాని కడలి మీది ప్రాణాల గురించి ఆలోచించడం ఎంత గొప్ప సంగతి!

తిమింగలాలకు అలాంటి అభయం చాలా ఆలస్యంగా దొరికింది. వేటను అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం 1946లోనే కుదిరింది. అయినా 1960లలో సోవియట్ వేట ఓడలు నిబంధనలను తుంగలో తొక్కి, ఉత్తర హిందూ మహాసముద్రంలో సుమారు 1,300 నీలి తిమింగలాలను చంపాయి. అరేబియా సముద్రంలోని మూపురపు తిమింగలాలనూ వదల్లేదు. ఇవి వలస పోకుండా ఏడాదంతా అక్కడే బతికే చిన్న గుంపు. అందులో 242 పోయాయి. ఆ దెబ్బ నుంచి అవి నేటికీ కోలుకోలేదు. అసలు లెక్కలు సోవియట్ యూనియన్ కూలాకే బయటికొచ్చాయి.

1979లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ హిందూ మహాసముద్రాన్ని అభయక్షేత్రంగా ప్రకటించింది. భారత్ 1981లో ఆ కమిషన్‌లో చేరింది. మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చిన తిమింగలాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

కానీ ఈ చట్టాలన్నీ వేటగాడిని చూసి రాసినవి. ఇవాళ తిమింగలాన్ని చంపుతున్నది వలా, ఓడా. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి అయినా, పత్తి అయినా తూర్పు తీరం నుంచి యూరప్‌కు ఓడెక్కితే శ్రీలంకను దక్షిణంగా చుట్టి పోవాల్సిందే. పాక్ జలసంధిలో పెద్ద ఓడలకు లోతు చాలదు. సరిగ్గా ఆ దక్షిణపు దారిలోనే నీలి తిమింగలాలు మేత మేస్తాయి. ఓడల దారిని 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపితే ఢీకొనే ముప్పు 95 శాతం తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఎంఎస్‌సీ నౌకా సంస్థ 2022లోనే తన ఓడలను అటు మళ్లించింది. మిగతా ఓడలకు ఇంకా పాత దారే అధికారిక మార్గం.

ఆ దారి మార్చాలని శ్రీలంకతో కలిసి అంతర్జాతీయ సముద్రయాన సంస్థను గట్టిగా అడగాల్సిన బాధ్యత భారత ప్రభుత్వానిది.