పదహారో నంబరు వైరస్

ఇటలీలోని వెరోనా నగరంలో 1842లో రిగోని-స్టెర్న్ అనే వైద్యుడు మరణాల రికార్డులు ముందేసుకుని లెక్కలు తీశాడు. గర్భాశయ క్యాన్సర్‌తో పోయినవాళ్లలో పెళ్లయినవాళ్లే ఎక్కువ. క్రైస్తవ సన్యాసినుల్లో ఆ జబ్బు బహు అరుదు. దాంపత్యానికీ ఈ జబ్బుకూ ఏదో లంకె ఉందన్న అనుమానం అలా పుట్టింది. అదేమిటో తేలడానికి 140 ఏళ్లు పట్టింది.

1970ల్లో చాలామంది హెర్పిస్ వైరస్‌ను అనుమానించారు. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు మాత్రం కణితి ముక్కల్లో ఎంత వెతికినా దాని డీఎన్‌ఏ దొరకలేదు. పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్ మీద ఆయన గురి కుదిరింది. 1974లో ఫ్లోరిడాలో జరిగిన సభలో ఈ మాట చెబితే పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. ఆయన పట్టు వదల్లేదు.

చిక్కేమిటంటే, ఈ వైరస్‌లో రకాలు చాలా ఉన్నాయి. వాటి నంబర్లు కనుగొన్న వరసలో పెట్టినవే, ప్రమాదాన్ని బట్టి కాదు. జననాంగాల పులిపిర్లలో 6, గొంతు కణుతుల్లో 11 దొరికాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో వాటి జాడ అంతంతే. 1983లో 16వ రకం బయటపడింది: జర్మన్ స్త్రీల 18 నమూనాల్లో 11 చోట్ల, కెన్యా, బ్రెజిల్ స్త్రీల 23 నమూనాల్లో 8 చోట్ల. మరుసటి ఏడే 18వ రకం దొరికింది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితి నుంచి ఆమెను అడక్కుండానే తీసి, ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచుతున్న హీలా కణాల్లోనూ అదే ఉంది. ఆమెను బలిగొన్న జబ్బు వెనకున్న వైరస్ పేరు ఆమె మరణించిన 33 ఏళ్లకు తెలిసింది.

ఆ తర్వాత లెక్కలు ఖండాలు దాటాయి. 1995లో 22 దేశాల నుంచి తెచ్చిన దాదాపు వెయ్యి నమూనాల్లో 93 శాతంలో వైరస్ కనబడింది. సగం 16వ రకమే. 18వ రకం 14 శాతం, 45వది 8, 31వది 5. వైరస్ లేదనుకున్న ముక్కల్ని మరింత నిశితంగా పరీక్షించి, 1999లో ఆ అంకెను 99.7 శాతానికి సవరించారు. జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

అయితే క్యాన్సర్ ముక్కల్లో కనిపించే వరసే ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుందనుకోకూడదు. ఈ తేడాను పట్టించుకోకపోతే లెక్కలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో చేసి 2005లో ప్రచురించిన పరిశీలన ఇందుకు మంచి సాక్ష్యం. 41 మంది రోగుల్లో 36 మందికి ప్రమాదకర రకాలు ఉన్నాయి. వాళ్లలో మూడింట రెండొంతుల మందికి 16వ రకమే. జబ్బు లేని స్త్రీలను చూస్తే పదిమందిలో ఒకరికి వైరస్ ఉంది. అక్కడ మాత్రం 16తో పాటు 52వ రకమూ ముందువరసలో నిలిచింది. చాలామంది ఒంట్లో వైరస్ ఒకట్రెండేళ్లలో దానంతటదే పోతుంది. అలా పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేసి, కణాలను చెడగొట్టడంలో 16ను మించిన రకం లేదు.

తొలి టీకాలు క్యాన్సర్ తెచ్చే రకాల్లో 16, 18లనే గురి పెట్టడానికి కారణమిదే. 52వ రకం 2014లో అమెరికాలో అనుమతి పొందిన తొమ్మిది రకాల టీకాలో చేరింది. పుణెలోని సీరం సంస్థ తయారుచేయగా 2022లో అనుమతి వచ్చిన సెర్వావాక్‌లో ఉన్నవి నాలుగే: 6, 11, 16, 18. అందుకే టీకా వేయించుకున్నవాళ్లు కూడా ముప్పై దాటాక ముఖద్వార పరీక్ష మానకూడదు.